పగటి ఎండ, రాత్రి ప్లగ్గు



రామగుండం వైపు వెళ్లినవాళ్లకు ఎన్టీపీసీ పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. బొగ్గు మండించి 2,600 మెగావాట్ల కరెంటు తీయగల కేంద్రం అది. ఆ కేంద్రానికి నీళ్లిచ్చే రిజర్వాయరు మీద ఇప్పుడు 500 ఎకరాల మేర సోలార్ పలకలు తేలుతున్నాయి. నాలుగున్నర లక్షల పలకలు. 2022 జులై 1 నాటికి మొత్తం 100 మెగావాట్లూ అందుబాటులోకి వచ్చాయి. నీళ్ల మీద పుట్టిన ఆ కరెంటు, భూమిలో వేసిన కేబుళ్ల గుండా వెళ్లి ఎన్టీపీసీ వాళ్ల పాత స్విచ్‌యార్డులోనే కలుస్తుంది. బొగ్గు కరెంటూ ఎండ కరెంటూ అక్కడితో ఒకటైపోతాయి. తీగ ఎక్కాక కరెంటుకు ఇంటిపేరుండదు.

రామగుండం ఎందుకు గుర్తొచ్చిందంటే, ఎలక్ట్రిక్ బండి కొన్న ప్రతివాళ్లకీ ఈ మధ్య ఒక ప్రశ్న తప్పడం లేదు. "నీ బండికి పొగ లేదు, సరే. నువ్వు పెట్టే కరెంటు బొగ్గుదే కదా?" అని. అడిగేవాళ్లలో కొందరు ఎకసెక్కానికి అడుగుతారు. అయినా ప్రశ్న మంచిదే. దానికి బండి వైపు వాదించేవాళ్ల దగ్గర తయారుగా ఒక జవాబుంటుంది: దేశంలో సగం కరెంటు ఇప్పుడు బొగ్గుది కాదు అని. ఆ మాటలో నిజం ఎంతుందో చూద్దాం. 2025 జూన్ నాటికి మన కరెంటు కేంద్రాల మొత్తం సామర్థ్యంలో సగం సోలార్, గాలి, జల, అణు, జీవ ఇంధన కేంద్రాలదే. అంతవరకు సరైన మాటే. కాని సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సోలార్ పలక పొద్దుగూకితే పని మానేస్తుంది. గాలిమర గాలి పడిపోతే నిలబడిపోతుంది. ఏడాది పొడుగునా తయారైన యూనిట్లు లెక్కేస్తే పదింటిలో ఏడు దాకా ఇప్పటికీ బొగ్గువే.

అందుకని నేను ఆ ప్రశ్నకు అవునని గాని కాదని గాని చెప్పను. తిరిగి ఇంకో ప్రశ్న వేస్తాను: ఛార్జింగ్ ఎన్నింటికి పెడుతున్నారు?

బండి ఏ కరెంటు మీద నడుస్తోందన్నది కంపెనీని బట్టో ఊరిని బట్టో తేలదు. చాలావరకు గంటను బట్టి తేలుతుంది. కొంచెం లెక్కలోకి దిగాలి. రేడియోలో లెక్కలు చెబితే శ్రోతలు స్టేషన్ మారుస్తారని అంటారు గాని, ఇవి చిన్న లెక్కలే.

లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. పెట్రోలు స్కూటరు 100 కిలోమీటర్లకు రెండు లీటర్లు తాగిందనుకోండి, 4.6 కిలోలు. అదే దూరం ఎలక్ట్రిక్ స్కూటరు పోవడానికి, ఛార్జరులో వేడిగా పోయే నష్టంతో కలిపి, గోడ దగ్గర మూడున్నర యూనిట్లు చాలు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం దేశం మొత్తం మీద సగటున యూనిట్‌కు 0.7 కిలోలకు కాస్త పైన కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన స్కూటరుకు రెండున్నర కిలోలు. దాదాపు సగం తగ్గింది. బొగ్గు కరెంటని ఎవరెంత అన్నా స్కూటరు గెలిచినట్టే.

కారు దగ్గరికొస్తే కథ అంత సులువు కాదు. లీటరుకు 16 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారు 100 కిలోమీటర్లకు 14 కిలోల పైచిలుకు వదులుతుంది. ఎలక్ట్రిక్ కారుకు అదే దూరానికి 16 యూనిట్ల దాకా కావాలి. సగటు కరెంటు అయితే పదకొండున్నర కిలోలు. ఇక్కడ మిగులు పల్చబడిపోయింది. ఆ కారుకు అచ్చంగా బొగ్గు కరెంటే పెట్టామనుకోండి, బొగ్గు యూనిట్‌కు కిలోకు అటూ ఇటూగా వస్తుంది కాబట్టి పదిహేను దాటుతుంది. పెట్రోలు కారుకూ దీనికీ తేడా లేదు. అదే కారుకు అచ్చంగా ఎండ కరెంటు పెడితే, నడిచినంతసేపూ దాని లెక్క దాదాపు సున్నా. ఇందులో చమురు శుద్ధి, బొగ్గు తవ్వకం, బ్యాటరీ తయారీ, తీగల్లో పోయే నష్టం నేను వేయలేదు. అవన్నీ వేసినా విషయం మారదు. ఒకే కారు, ఒకే దారి, పదిహేను కిలోల నుంచి సున్నా దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఆ చోటును నిర్ణయించేది మీరు ప్లగ్గు పెట్టే వేళ.

వేళ మీద అంత పట్టింపు ఎందుకంటే, గ్రిడ్‌లో కరెంటు నిలవ ఉండదు. ఏ క్షణాన ఎంత వాడుతున్నామో ఆ క్షణాన అంతే తయారవ్వాలి. కాస్త ఎక్కువ తక్కువలైతే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి పక్కకు జరుగుతుంది. 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉంచాలని మన గ్రిడ్ నియమావళి. దానికోసం లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఏ కేంద్రం ఎంత ఇవ్వాలో ముందే రాసిపెడతారు. హైదరాబాదులో విద్యుత్ సౌధలో కూర్చున్న ఇంజనీర్లు రాత్రింబవళ్లు చేసే పని అదే. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కేవీ లైనుతో మన దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకటయ్యింది. అప్పటి నుంచి రాజస్థాన్ ఎండ గుంటూరులో స్కూటరు ఎక్కగలదు. కాకపోతే ఎండ ఉన్నప్పుడే.

ఆ 96 ముక్కల్లో మధ్యాహ్నం ఒంటిగంట ముక్క ఒకటి, సాయంత్రం ఏడింటి ముక్క ఒకటి పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యాహ్నం కర్నూలు సోలార్ పార్కు 1,000 మెగావాట్లు, ఎన్.పి.కుంట సోలార్ పార్కు, మన అనంతపురం సరిహద్దుకు ఆనుకుని ఉన్న కర్ణాటక పావగడలో 2,050 మెగావాట్లు, వీటన్నిటి మీదా ఎండ పడుతుంటుంది. దేశంలో సోలార్ సామర్థ్యం 2025 మొదట్లోనే లక్ష మెగావాట్లు దాటింది. ఎండ కరెంటు వచ్చిపడుతుంటే బొగ్గు కేంద్రాలు తగ్గాలి. వాటికి ఓ హద్దుంది. బాయిలరును పూర్తిగా ఆర్పి సాయంత్రానికి మళ్లీ రాజేయడం కుదరదు. అందుకని సామర్థ్యంలో 55 శాతానికి దిగి అక్కడ ఆగుతాయి. 40 శాతానికి దిగేలా యంత్రాలు మార్చుకోవాలని 2023లో నిబంధనలు వచ్చాయి గాని, పాత యంత్రాలకు అది ఒక్కరోజులో అలవడే విద్య కాదు. దాంతో కొన్ని మధ్యాహ్నాలు సోలార్ కేంద్రాలనే ఆపమనాల్సి వస్తోంది. లైన్లు చాలకపోవడం ఒక కారణం, ఆ వేళకు వాడేవాళ్లు చాలకపోవడం ఇంకో కారణం. పైసా ఇంధనం ఖర్చు లేని కరెంటును వద్దని పక్కన పెట్టడం నాకైతే ఇంట్లో వండిన అన్నం పారబోసినంత బాధగా ఉంటుంది.

ఇక సాయంత్రం ఏడు. ఎండ దిగిపోయింది. ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు, వంటింట్లో మిక్సీలు. కరెంటు కొనీ అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్ ధరకు 10 రూపాయల గరిష్ఠ పరిమితి ఉంది. ఎండాకాలం సాయంత్రాలు ఆ పరిమితిని తాకడం మామూలైపోయింది. మధ్యాహ్నం అదే ఎక్స్ఛేంజీలో రెండు మూడు రూపాయలకు దొరుకుతుంది. తగ్గి ఉన్న బొగ్గు కేంద్రాలన్నీ సాయంత్రం ఒక్కసారిగా పైకి లేవాలి. సరిగ్గా అప్పుడే మనం ఆఫీసు నుంచి వచ్చి, హెల్మెట్ తీసి, చెప్పులు విడిచి, బండికి ప్లగ్గు పెడతాం.

ఒక్క బండితో ఏమీ కాదు. 2024-25 ఆర్థిక సంవత్సరంలోనే దేశంలో 11 లక్షలకు పైగా ఎలక్ట్రిక్ టూవీలర్లు అమ్ముడుపోయాయి. ఒక్కో ఛార్జరు 750 వాట్లు అనుకుందాం. పది లక్షల మంది ఒకేసారి ఏడింటికి ప్లగ్గు పెడితే 750 మెగావాట్లు. కృష్ణపట్నంలో ఒక్కో బొగ్గు యూనిట్ సామర్థ్యం 800 మెగావాట్లు. స్కూటర్ల కోసమే సాయంత్రం పూట ఇంకో కృష్ణపట్నం యూనిట్ లేవాలన్నమాట. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ బాధ వేరే. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఐదు ఇళ్లలో కార్లకు ఏడేసి కిలోవాట్ల ఛార్జర్లు పెట్టి ఒకేసారి ఆన్ చేస్తే, మూడో వంతు అక్కడికే సరి. మిగతా ఇళ్ల ఏసీలు ఏం కావాలి?

ఇంటిమీద సోలార్ ఉన్నవాళ్లు ఇదంతా వింటూ "మాకేం బాధ లేదు" అనుకుంటుంటారు. వాళ్లతో కొంచెం వివరంగా మాట్లాడాలి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుండటంతో డాబాల మీద పలకలు పెరుగుతున్నాయి. మన ప్రాంతంలో కిలోవాటుకు సగటున రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లకు పన్నెండు. స్కూటరుకు రోజూ ఒకటో రెండో, కారు రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే ఐదు. చేతినిండా ఉన్నట్టే కనిపిస్తుంది. అయితే ఆ పన్నెండు యూనిట్లలో చాలావరకు వచ్చేది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు లోపే. ఆ వేళకు బండి ఆఫీసులో ఉంటుంది. పగలు పుట్టిన కరెంటు నెట్ మీటరు గుండా గ్రిడ్‌లోకి పోతుంది. రాత్రి గ్రిడ్ నుంచి తెచ్చుకుని బండికి పెడతారు. నెలాఖరుకు మీటరు రెండింటినీ చెల్లు వేస్తుంది. బిల్లు చూసుకుని "నా బండి ఎండ మీదే నడుస్తోంది" అంటారు. డబ్బు లెక్కలో ఆ మాట ఒప్పే. కాని పగలు మీరిచ్చిన యూనిట్ పక్కింటి ఫ్యానుకో ఏసీకో వెళ్లింది, రాత్రి మీ బండిలోకి వచ్చిన యూనిట్‌లో బొగ్గు పాలు ఎక్కువ. బిల్లు సున్నా అయినంత మాత్రాన బొగ్గు సున్నా కాదు. నెట్ మీటరును తప్పు పట్టడం లేదు. పగలు మీరు ఎగుమతి చేసిన యూనిట్ కూడా ఎక్కడో బొగ్గును కొంత తగ్గించే ఉంటుంది. అయినా నేరుగా బండిలోకి పంపగలిగే అవకాశం ఉన్నవాళ్లు దాన్ని వదులుకోవడం దేనికి?

అలా పంపగలిగేవాళ్లు ఉన్నారు. పదవీ విరమణ చేసినవాళ్లు, ఇంటి దగ్గర నుంచే పని చేసేవాళ్లు, ఇంటి ముందే దుకాణం ఉన్నవాళ్లు, రెండో బండి పగలంతా ఇంట్లోనే ఉండేవాళ్లు. స్కూటరుకు పద్ధతి చాలా సులువు. దాని ఛార్జరు లాగేది ఏడెనిమిది వందల వాట్లు. మూడు కిలోవాట్ల పలకలు పదకొండింటికి రెండు కిలోవాట్లు దాటి ఇస్తుంటాయి. ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లు పోగా మిగిలేదాంట్లో స్కూటరు హాయిగా సరిపోతుంది. సాకెట్‌కు ఒక టైమరు చాలు.

కారుకు కొంచెం తెలివైన ఛార్జరు కావాలి. అది మీటరు దగ్గర తీగ చుట్టూ ఒక చిన్న కొలత పరికరాన్ని తొడిగి, ఇంటి నుంచి గ్రిడ్‌కు ఎంత పోతోందో చూస్తూ ఉంటుంది. ఎంత మిగిలితే అంతే కారుకు పంపుతుంది. మబ్బు పడితే తగ్గిస్తుంది, ఎండ కాస్తే పెంచుతుంది. ఛార్జరుకూ కారుకూ మధ్య కేబుల్‌లోనే ఒక సంకేతపు తీగ ఉంటుంది. ఎన్ని ఆంపియర్లు తీసుకోవచ్చో ఛార్జరు దాని ద్వారా కారుకు చెబుతుంది. ఇక్కడో చిక్కుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఆ సంఖ్య 6 ఆంపియర్ల కిందికి దిగదు. మన 230 వోల్టుల దగ్గర అది 1,400 వాట్లకు దగ్గర. మబ్బు కమ్మి మిగులు 900 వాట్లకు పడిపోతే రెండే దారులు. ఛార్జింగ్ ఆపేయాలి, లేదా తక్కువైన 500 వాట్లు గ్రిడ్ నుంచి తెచ్చుకోవాలి. మంచి ఛార్జర్లలో రెండు పద్ధతులూ ఉంటాయి. ఎండ మాత్రమే అన్న పట్టుదల వినడానికి బాగుంటుంది గాని, ఆషాఢం మబ్బుల్లో అలా పట్టుబడితే సాయంత్రానికి కారు సగం కూడా నిండదు. అప్పుడు రాత్రి పూర్తిగా గ్రిడ్ మీద పెట్టుకోవాలి. దానికంటే పగలే ఎండతో పాటు కొంచెం గ్రిడ్ కలుపుకోవడం మేలు. పగటి గ్రిడ్‌లో కూడా ఎండ ఉంది కదా. నా ఓటు మిశ్రమానికే.

డాబా మీద పలకలు పెట్టించుకున్నవాళ్లను తరచు ఆశ్చర్యపరిచే సంగతి ఇంకొకటి. మధ్యాహ్నం మంచి ఎండలో వీధిలో కరెంటు పోతే ఇంట్లో సోలార్ కూడా ఆగిపోతుంది. "పైన ఎండ ఉంటే కరెంటెందుకు పోయింది?" అని అమర్చినవాళ్ల మీద కేకలేస్తారు. పరికరంలో లోపమేమీ లేదు. గ్రిడ్‌తో కలిపిన ఇన్వర్టరును, గ్రిడ్ పోయిన మరుక్షణం అది కూడా ఆగిపోయేలా తయారుచేస్తారు. అలా ఆగకపోతే, లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగులుతుంది. కరెంటు పోయినప్పుడు కూడా బండి ఛార్జింగ్ నడవాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. అది ఖర్చుతో కూడిన పని. స్కూటరు కోసమైతే అంత అవసరం ఉందని నేననుకోను.

అపార్టుమెంట్లలో ఉండేవాళ్ల సంగతి ఇబ్బందికరం. బండి సెల్లారులో, ఎండ టెర్రస్ మీద, మీటర్లన్నీ మెట్ల కింద. టెర్రస్ అందరిదీ కాబట్టి అక్కడి సోలార్ లిఫ్టుకూ మోటారుకూ పోతుంది. సెల్లారులో ఒక్కో ఫ్లాటుకు విడిగా ఛార్జింగ్ సాకెట్ ఇవ్వాలంటే సంఘం సమావేశంలో గొడవ. ఆ గొడవల్లోకి నేను వెళ్లను. వెళితే ఈ ప్రసంగం సమయం చాలదు.

పగటికి మార్చడమన్న ఆలోచన మనకు కొత్తదేం కాదు. వ్యవసాయ మోటార్ల అనుభవం మన కళ్ల ముందే ఉంది. ఒకప్పుడు "రాత్రి కరెంటు" అంటే రైతు ఇంట్లో భయం. టార్చిలైటు పట్టుకుని బావి దగ్గరికి పోయి పాము కాటుకో షాకుకో బలైనవాళ్లు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు. ఊళ్లకు, వ్యవసాయానికి ఫీడర్లు వేరు చేసి, ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటల సరఫరా పద్ధతికి తెచ్చారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. పగటి కరెంటు కోరింది రైతు, ప్రాణభయంతో. సోలార్ పెరిగాక గ్రిడ్‌కు కూడా అదే కలిసొచ్చింది. లక్షల మోటార్లు రాత్రి నుంచి పగటికి మారగలిగితే స్కూటర్లు మారలేవా?

మారలేవు, అంత తేలిగ్గా. మోటారు పొలంలోనే ఉంటుంది, స్కూటరు మనతోపాటు తిరుగుతుంది. కాబట్టి పగలు అది ఆగే చోటికి సాకెట్ రావాలి. కలెక్టరేట్లు, సచివాలయాలు, కాలేజీలు, ఐటీ పార్కులు, ఆసుపత్రులు, మార్కెట్ యార్డులు, రైల్వే స్టేషన్ల పార్కింగులు. స్కూటర్లు తొమ్మిదిన్నరకు వచ్చి అయిదున్నర దాకా అక్కడే నిలబడి ఉంటాయి. వాటికి ఫాస్ట్ ఛార్జర్ అక్కర్లేదు. మామూలు సాకెట్, ఒక సబ్ మీటరు, పైన రేకుల షెడ్డు. ఆ రేకుల స్థానంలో సోలార్ పలకలు వేస్తే నీడా దొరుకుతుంది, కరెంటూ దొరుకుతుంది. మన దగ్గర ఛార్జింగ్ స్టేషన్ అనగానే హైవే పక్కన పెద్ద యంత్రాన్ని ఊహించుకుంటున్నాం. కారులో హైదరాబాదు నుంచి విజయవాడ పోయేవాళ్లకు అది కావాలి, కాదనను. రోజూ పాతిక కిలోమీటర్లు తిరిగే గుమాస్తాకు కావలసింది ఆఫీసు షెడ్డులో ఒక సాకెట్.

నీడ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. పగలు పెట్టమన్నాను కదా అని మే నెలలో మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండలో బండి నిలబెట్టి ఛార్జింగ్ పెట్టకండి. లిథియం బ్యాటరీకి వేడి పడదు, త్వరగా ముసలిదైపోతుంది. రామగుండం, కొత్తగూడెం వైపు 45 డిగ్రీలుండే రోజుల్లో ఇంకా జాగ్రత్త. బండి దిగగానే కాకుండా కాసేపు చల్లారనిచ్చి, నీడలో పెట్టండి. సోలార్ వేళ తొమ్మిదింటికే మొదలవుతుంది. తొమ్మిదిన్నరకు పెడితే స్కూటరు ఒంటిగంట లోపే చాలావరకు నిండుతుంది.

కాలాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాయలసీమ కొండల మీద గాలిమరలు రాత్రుళ్లు కూడా తిరుగుతాయి. శ్రీశైలానికి వరదొచ్చిన ఏడాది ఆగస్టులో జల విద్యుత్తు పుష్కలం. అలాంటి ఆగస్టు అర్ధరాత్రి పెట్టిన ఛార్జింగూ, ఏప్రిల్ అర్ధరాత్రి పెట్టిందీ ఒకటి కావు. పగలు వీలే లేనివాళ్లు కనీసం సాయంత్రం ఆరు నుంచి పది దాకా తప్పించి, పడుకునే ముందు టైమరు పెట్టుకుంటే గ్రిడ్‌కు కొంత ఊపిరి. బొగ్గు తగ్గకపోవచ్చు గాని, ట్రాన్స్‌ఫార్మర్ దక్కుతుంది.

జనం వేళ మార్చుకోవాలంటే ధర మారాలి. ఊరికే చెబితే ఎవరూ వినరు, నేను చెప్పినా సరే. 2023 జూన్ 14న కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. రోజులో ఎనిమిది సోలార్ గంటల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి, పీక్ గంటల్లో ఎక్కువ ఉండాలి అన్నది దాని సారం. అమలు కావాలంటే గంట గంటకు లెక్క రాసే స్మార్ట్ మీటరు కావాలి. పబ్లిక్ ఛార్జింగ్ స్టేషన్లకు 2024 సెప్టెంబరు మార్గదర్శకాల్లో ఇంకా గట్టిగానే చెప్పారు. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా సరఫరా సగటు ఖర్చులో 70 శాతం ధరకే కరెంటివ్వాలి, మిగతా వేళల్లో 130 శాతం తీసుకోవచ్చు అని. నూటికి 70, నూటికి 130. దాదాపు రెట్టింపు తేడా. కాగితం మీద ఇది గొప్ప మాట. కాని ఆ తేడా పంపిణీ సంస్థకూ స్టేషన్ యజమానికీ మధ్యే ఆగిపోతే, బండి తెచ్చినవాడు ఏ వేళకొచ్చినా ఒకటే రేటు కడతాడు. అలాంటప్పుడు అతను వేళ ఎందుకు మార్చుకుంటాడు? స్టేషన్ బోర్డు మీద మధ్యాహ్నం ధర ఇంత, సాయంత్రం ధర ఇంత అని పెద్ద అక్షరాలతో కనబడాలి.

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లు దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం వాళ్లు. ఇళ్ల కప్పుల మీద అక్కడ ఎంత సోలార్ ఉందంటే, 2020 అక్టోబరు 11 మధ్యాహ్నం సుమారు గంటసేపు రాష్ట్రానికి కావలసిన కరెంటంతా ఎండ నుంచే వచ్చింది. అందులో ముప్పాతిక భాగం కప్పుల మీదదే. అంత కరెంటును పీల్చుకునేవాళ్లు కావాలి కాబట్టి, అదే ఏడాది జులై నుంచి పంపిణీ సంస్థ ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా చవక రేటు పెట్టింది. దానికి "సోలార్ స్పాంజ్" అని పేరు. మన దగ్గర కప్పుల మీద అంత సోలార్ ఇంకా లేదు. కాని పెద్ద పార్కుల్లో ఉంది, మధ్యాహ్నపు మిగులు ఉంది. స్పాంజ్‌కు మనకేం తక్కువ?

పగలు బండి ఆపితే పూట గడవనివాళ్లు మిగిలారు. ఆటోవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు. సోలార్ గంటలే వాళ్ల సంపాదన గంటలు. వాళ్లకు బ్యాటరీ మార్పిడి కేంద్రాలు సరైన దారి. బండి తిరుగుతుంటుంది, బ్యాటరీ అల్మరాలో కూర్చుని మధ్యాహ్నపు కరెంటు తాగుతుంటుంది. అయితే అక్కడ కూడా మధ్యాహ్నం నింపినవాటిని సాయంత్రం దాకా దాచేటన్ని అదనపు బ్యాటరీలుండాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది తేలితే తప్ప పూర్తి ప్రయోజనం రాదు.

ఆర్టీసీ బస్సులది ఇంకో తీరు. తిరుమల ఘాట్‌లో 2022 సెప్టెంబరు నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. దిగేటప్పుడు బ్రేకు పడిన ప్రతిసారీ మోటారే జనరేటరుగా మారి కొంత కరెంటు బ్యాటరీకి తిరిగిస్తుంది. కొండ ఎక్కడానికి పెట్టిన ఖర్చులో కొంత ఏడుకొండలవాడు వెనక్కిస్తున్నాడని డ్రైవర్లు అనుకోవచ్చు. హైదరాబాదులో 2019 నుంచే ఎయిర్‌పోర్టు రూట్లలో ఇవి మొదలయ్యాయి. బస్సు పగలంతా రోడ్డు మీదే ఉండాలి. ప్రధానంగా ఛార్జింగ్ డిపోలో రాత్రే. కాని సిటీ బస్సుల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు మధ్య జనం పల్చబడతారు. సగం బస్సులను ఆ వేళలో వంతులవారీగా డిపోకు పిలిచి గంటసేపు పెట్టినా, రాత్రి భారం బాగా తగ్గుతుంది. డ్యూటీ చార్టులు తిరగరాయాలి. ఆ పని ఛార్జరు కొనడం కన్నా కష్టమని ఆర్టీసీలో పని చేసినవాళ్లెవరైనా చెబుతారు.

మిగిలిన రాత్రి భారానికి నీళ్లున్నాయి. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టున ఉన్న టర్బైన్లు వెనక్కి కూడా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడి, కావలసినప్పుడు మళ్లీ కిందికి వదిలి కరెంటు తీస్తాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం పథకం 1,680 మెగావాట్లతో అచ్చంగా ఈ పనికోసం రూపొందించిందే. మధ్యాహ్నం ఎండతో నీళ్లు తోడి రాత్రికి వదిలితే, అర్ధరాత్రి డిపోలో నిలబడిన బస్సుకు కూడా ఎండ కరెంటు అందుతుంది. తోడటంలో, వదలడంలో నూటికి ఇరవై యూనిట్ల పైనే పోతాయి. బస్సుకు ఆ నష్టం ఒప్పుకోవచ్చు, దానికి వేరే దారి లేదు. ఆఫీసు షెడ్డులో పొద్దంతా ఖాళీగా నిలబడే స్కూటరుకు ఆ ఇరవై యూనిట్లు ఎందుకు పోగొట్టుకోవాలో నాకు అర్థం కాదు. మీ ఆఫీసులో పార్కింగ్ చూసేవారిని సాకెట్ సంగతి ఒకసారి అడిగి చూడండి.